పార్సిళ్ల కంటే ముందొచ్చిన విమానాలు: బెజవాడ నుంచి దక్కన్ 360 లెక్క

గన్నవరం రన్‌వే 3,360 మీటర్లకు పెరిగాక ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. గుంటూరు మిర్చి ఎగుమతిదారులు, కైకలూరు చేపల చెరువుల వాళ్లు, ఆటోనగర్ విడిభాగాల వ్యాపారులు, ఎవరు కలిసినా అదే అడుగుతారు: "మన దగ్గర నుంచి ఒక చిన్న కార్గో విమానం వేస్తే నడవదా అండీ?" సరుకు రవాణా నా వృత్తి. పార్సిల్ ఆఫీసులో బుకింగు చూశాను, ఎయిర్‌వే బిల్లులు రాశాను, ఇప్పుడు ఎవరి సరుకు ఏ దారిన వెళితే గిట్టుబాటవుతుందో లెక్క కట్టి చెబుతుంటాను. ఈ ప్రశ్నకు ఊహలతో జవాబు చెప్పేకంటే, ఇదే పనిని దేశమంతటా తలపెట్టి రెండేళ్లు తిరగకుండానే మూతపడిన ఒక కంపెనీని విప్పి చూపడం మేలనిపించింది. అదే దక్కన్ 360.

కంపెనీ అసలు పేరు దక్కన్ కార్గో అండ్ ఎక్స్‌ప్రెస్ లాజిస్టిక్స్. పెట్టినవారు కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్. మాజీ సైనికాధికారి, హెలికాప్టర్ల వ్యాపారంతో మొదలుపెట్టి, 2003లో ఎయిర్ దక్కన్‌తో సామాన్యుడికి విమాన టికెట్ అందించిన మనిషి. బెజవాడ వాళ్లకు ఆయన కొత్త కాదు. ఆయన ఏటీఆర్ విమానాలు, అంటే పంకాలతో నడిచే చిన్న విమానాలు, హైదరాబాద్ నుంచి గన్నవరానికి వచ్చేవి. ఆ మార్గంలో ప్రారంభ విమానం ఇంజిన్‌లోనే మంటలు లేచాయి, అయినా ఆయన ఆగలేదు. 2007లో ఎయిర్ దక్కన్‌లో పెద్ద వాటా విజయ్ మాల్యా చేతికి వెళ్లింది. ఆ తర్వాత గోపీనాథ్ దృష్టి మనుషుల మీద నుంచి సరుకు మీదకు మళ్లింది. 2009 చివర్లో నాగపూర్ కేంద్రంగా దక్కన్ 360 విమానాలు ఎగిరాయి. 2010లో రిలయన్స్ ఇండస్ట్రీస్ కూడా వాటా తీసుకుంది. 2011లో విమానాలు నిలిచిపోయాయి.

నాగపూర్ ఎందుకన్నది ముందు చూడాలి, ఎందుకంటే ఆలోచనలో లోపం లేదని నా అభిప్రాయం. దేశం మధ్యలో ఉన్న ఊరు. అన్ని దిక్కుల నుంచీ విమానాలు అర్ధరాత్రికి అక్కడ దిగాలి, సరుకు దించి ఊళ్ల వారీగా వేరు చేసి మళ్లీ ఎక్కించాలి, తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు చేరాలి. పది ఊళ్లను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 45 మార్గాలు కావాలి. మధ్యలో ఒక కూడలి పెట్టుకుంటే పది మార్గాలు చాలు. దీన్ని అమెరికాలో ఫ్రెడ్ స్మిత్ 1973లో మెంఫిస్ కేంద్రంగా చేసి పార్సిల్ కంపెనీ ఫెడెక్స్‌ను నిలబెట్టారు. మన వ్యాపార పాఠాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. నిజానికి 1949లోనే మన తపాలా శాఖ ఇదే నాగపూర్‌లో ఇదే పని చేసింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రిపూట బయలుదేరిన డకోటా విమానాలు అక్కడ కలుసుకుని, టపా సంచులు మార్చుకుని, తెల్లారేసరికి వెనక్కి చేరేవి. మెంఫిస్ కంటే 24 ఏళ్ల ముందు. మన దగ్గర మొదట చేసిన పనిని అమెరికా నుంచి నేర్చుకున్నామని చెప్పుకోవడం మనకు అలవాటే.

అయితే ఆ డకోటాలకు ఒక వెసులుబాటు ఉంది. ఎక్కించడానికి టపా ముందే ఉంది. ఉత్తరాల కోసం తపాలా శాఖ ఎవరి గుమ్మం ఎక్కనవసరం లేదు, డబ్బాలో పడినవే చాలు. దక్కన్ 360 ఆ సౌకర్యం లేకుండా మొదలైంది.

ఇక విమానాల సంగతి. పెద్ద నగరాలకు ఎయిర్‌బస్ ఏ310లు, చిన్న ఊళ్లకు ఏటీఆర్ 42లు. ఏ310 అంటే ఒకప్పుడు ఖండాలు దాటడానికి కట్టిన వెడల్పాటి జెట్. సీట్లు పీకేసి, పక్కన పెద్ద తలుపు కోసి, సరుకు విమానంగా మార్చినవి ఇవి. ఒక్కోదానిలో 35 టన్నుల పైన పడుతుంది. పాతవి కాబట్టి కొనుగోలు ధర తక్కువ, ఇంధనం ఖర్చు ఎక్కువ. ఇప్పుడు దూరాలు చూడండి. నాగపూర్ నుంచి గాలిమార్గాన హైదరాబాద్ సుమారు 425 కిలోమీటర్లు, ముంబయి 700 లోపు, ఢిల్లీ 850, చెన్నై 900 ప్రాంతం, కోల్‌కతా వెయ్యికి కాస్త తక్కువ. జెట్ విమానం ఎక్కువ ఇంధనం తాగేది పైకి ఎక్కేటప్పుడు. ఎత్తుకు చేరి గంటల తరబడి నిలకడగా వెళితేనే ఆ ఖర్చు పరుచుకుంటుంది. ఇక్కడ ఎక్కడం పూర్తయ్యేసరికి దిగడం మొదలవుతుంది. పైగా విమానానికి కొన్ని నిర్వహణ పనులు గంటల లెక్కన కాకుండా ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్కన వస్తాయి. చిన్న చిన్న గెంతులు వేసే పెద్ద విమానం ఆ లెక్కలో త్వరగా ముసలిదవుతుంది.

ఫెడెక్స్‌తో పోలిక పెట్టేవాళ్లు ఇక్కడ ఒక సంగతి వదిలేస్తారు. 1973 ఏప్రిల్‌లో ఆ కంపెనీ తొలిరాత్రి 14 విమానాలు నడిపి, 25 నగరాలకు మోసినవి 186 పార్సిళ్లు. నవ్వొచ్చే సంఖ్య. కానీ ఆ విమానాలు ఫాల్కన్ 20లు, చిన్న బిజినెస్ జెట్లు. అప్పటి అమెరికా నిబంధనల ప్రకారం అలాంటి కంపెనీ 7,500 పౌండ్లు, అంటే దాదాపు 3.4 టన్నులు, మించి ఎత్తే విమానం నడపకూడదు. పెద్ద బోయింగ్‌లు కొనాలని వాళ్లకూ ఉండేది, కానీ 1977లో నిబంధనలు సడలేదాకా కుదరలేదు. ఆ లోగా నష్టాలు భరిస్తూనే పార్సిళ్లు పెంచుకున్నారు. చట్టమే వాళ్లను చిన్న విమానాలతో మొదలుపెట్టేలా చేసింది. మన దగ్గర అలా చేయి పట్టుకుని ఆపే నిబంధన ఏదీ లేదు. 1990ల నుంచీ సరుకు విమానాలకు ఆకాశం తెరిచే ఉంది.

మన దేశంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ బ్లూడార్ట్. 1983లో కొరియర్‌గా మొదలైంది. పదమూడేళ్లు ప్రయాణికుల విమానాల పొట్టలో చోటు కొనుక్కుని పార్సిళ్లు పంపింది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ వారం, ఎన్ని కిలోలు అన్నది చేతిలోకి వచ్చాక 1996లో సొంత విమానాలు దింపింది. అవి బోయింగ్ 737లు, పదిహేను టన్నుల స్థాయివి. దశాబ్దం గడిచాకే పెద్దవైన 757లకు వెళ్లింది. దక్కన్ 360 వచ్చేసరికి ఆ కంపెనీ ప్రతి జిల్లా కేంద్రంలోనూ పాతుకుపోయి ఉంది. గవర్నరుపేటలో కంప్యూటర్ విడిభాగాల వ్యాపారికి ఆ డెలివరీ కుర్రాడి పేరు కూడా తెలుసు.

పార్సిళ్లు ముందుంటే చాలని కూడా అనను. 1990ల్లో ఎల్బీ అనే కొరియర్ కంపెనీకి పార్సిళ్లు దండిగా ఉండేవి, సొంతంగా ఫోకర్ ఎఫ్27 విమానాలూ నడిపింది. 1997 జులైలో వాటిలో ఒకటి ముంబయి తీరంలో సముద్రంలో కూలింది. ఆ ఎయిర్‌లైన్స్ నిలదొక్కుకోలేదు. చెన్నై నుంచి ఫోకర్ 50లతో 2004లో మొదలైన క్రెసెంట్ కూడా ఎక్కువ కాలం సాగలేదు. ఢిల్లీ కేంద్రంగా ఏ310తో వచ్చిన ఆర్యన్ కార్గోదీ అదే తీరు. రెండు మూడు విమానాలతో నడిచే కంపెనీలో ఒక్కటి మూలనపడినా ఆ రాత్రి జాలంలో, అంటే ఊళ్లను కలిపే నెట్‌వర్క్‌లో, మూడో వంతు పోయినట్టే. పక్కన మరో విమానం సిద్ధంగా ఉంచుకునే స్తోమత చిన్నవాడికి ఉండదు.

బెజవాడ నుంచి చూస్తే

ఇక్కడి దాకా ఏ వ్యాపార పత్రికలోనైనా దొరికే సంగతులే. నేను రాయడానికి కూర్చున్నది దీని కోసం: విజయవాడలాంటి ఊరి సరుకు ఈ జాలంలోకి చేరాలంటే గడియారం ఎలా ఉండాలి? విమానం ధర, ఇంధనం ధర కంటే ముందు చూడాల్సింది ఇదేనని నా నమ్మకం.

అప్పట్లో గన్నవరం రన్‌వే 7,500 అడుగులు, సుమారు 2,286 మీటర్లు. నిండా సరుకున్న ఏ310కి అది ఇరుకు. ఏటీఆర్‌కు ఎక్కువే, కానీ ఏటీఆర్ 42 ఎత్తేది సుమారు అయిదున్నర టన్నులు. పైగా చిన్న విమానాశ్రయాల్లో రాత్రంతా ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించే) సిబ్బంది ఉండరు. అర్ధరాత్రి తెరిపించాలంటే అదనపు రుసుము కట్టాలి. ఒక్క విమానం కోసం కట్టే రుసుము ఆ ఒక్క విమానం మీదే పడుతుంది. కాబట్టి విజయవాడ పార్సిల్‌కు సహజమైన దారి రోడ్డు మీద శంషాబాద్ దాకా వెళ్లి, అక్కడ విమానం ఎక్కడం.

వెనక నుంచి లెక్క వేద్దాం. నాగపూర్‌లో సరుకు వేరుచేసే పని అర్ధరాత్రి దాటాక మొదలవుతుందనుకుంటే, హైదరాబాద్ నుంచి విమానం రాత్రి 11కి కదలాలి. ఎక్స్‌రే తనిఖీ, కాటా, పెట్టెలను ప్యాలెట్ మీద పేర్చి వల బిగించడం, కాగితాలు, వీటికి రెండు గంటలు. అంటే 9కి సరుకు శంషాబాద్ గేటు దాటి ఉండాలి. 2010లో హైదరాబాద్ రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేస్తున్నారు. ఆ పని 2012 దాకా సాగింది. సూర్యాపేట, చౌటుప్పల్ దాటుకుని, నగరం చుట్టూ తిరిగి అవతలి వైపున్న శంషాబాద్ చేరడానికి చిన్న లారీకి ఆరేడు గంటలు పట్టేది. అంటే విజయవాడలో బండి మధ్యాహ్నం 2 గంటలకు కదలాలి. దానికి ముందు ఊళ్లో తిరిగి పార్సిళ్లు పోగుచేయాలి. మొత్తానికి 12 లోపు బుకింగ్ ముగించాలి.

మధ్యాహ్నం 12కి బెజవాడ వ్యాపారి ఏం చేస్తుంటాడు? వన్‌టౌన్‌లో బట్టల దుకాణాల్లో బేరం అప్పుడే పుంజుకుంటుంది. ఆటోనగర్‌లో ఫోనులో ఆర్డర్లు రాసుకుంటుంటారు. మందుల హోల్‌సేల్ వాళ్లు ఊరి చిల్లర షాపుల చీటీలు చూస్తుంటారు. బిల్లు కొట్టి, ప్యాకింగ్ చేసి, పైన అడ్రస్ రాసేసరికి సాయంత్రం ఆరు. పార్సిల్ ఆఫీసుల ముందు రిక్షాలు, ఆటో ట్రాలీలు బారులు తీరేది ఏడు నుంచి తొమ్మిది మధ్య. హమాలీలకు ఊపిరి సలపని వేళ అదే. ఆ వేళకు దక్కన్ 360 లెక్క ప్రకారం బండి శంషాబాద్ గేటు ముందుండాలి! రాత్రి 8కి ఇచ్చిన పార్సిల్ మర్నాటి విమానానికే వెళుతుంది. మర్నాటి విమానానికి వెళ్లేదానికి ఈ రాత్రి విమానం రేటు ఎవరు కడతారు?

దీనికి ఎదురుగా రాత్రి బస్సు ఉంది. తొమ్మిదికి, పదికి పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లోనో, ప్రైవేటు ట్రావెల్స్ దగ్గరో పార్సిల్ వేస్తే తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఉంటుంది. చెన్నై 450 కిలోమీటర్లు, అదీ ఒక రాత్రి పనే. బెంగళూరుకు సాయంత్రం బయలుదేరిన బస్సు పొద్దున్నకు చేరుతుంది. విశాఖ సరేసరి. బెజవాడ వ్యాపారంలో ఎక్కువ భాగం ఈ నాలుగు ఊళ్లతోనే. ఆ నాలుగింటికీ రోడ్డే మర్నాడు పొద్దున్న సరుకు అప్పజెబుతోంది, విమానం రేటులో చిన్న వంతుకే. విమానానికి మిగిలేవి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, గువాహటి లాంటి దూరాలు. ఢిల్లీకి కూడా బెజవాడ జంక్షన్‌లో ఆగే సూపర్‌ఫాస్ట్ రైళ్ల పార్సిల్ పెట్టె ఒకటిన్నర రోజు లోపే చేరుస్తుంది. దక్కన్ 360కి మన ఊళ్లో పోటీ బ్లూడార్ట్ ఒక్కటే కాదు. స్లీపర్ బస్సు డిక్కీ కూడా.

రెండోది, ఇక్కడి సరుకు స్వభావం. మిర్చి మన పేరు. యార్డులో టిక్కీ, అంటే బస్తా, నలభై కిలోల పైన ఉంటుంది. చైనాకు, బంగ్లాదేశ్‌కు వెళ్లేది ఓడల్లో, లారీల్లో. కిలో ధరలో విమాన కిరాయి ఇమడదు. రొయ్యలు గడ్డకట్టించి రీఫర్ (శీతల) కంటైనర్లలో విశాఖలాంటి ఓడరేవులకు వెళతాయి. రొయ్య పిల్లలకు ఆక్సిజన్ నింపిన సంచులు, రాత్రి చల్లదనం చాలు, హేచరీల నుంచి రోడ్డు మీదే వస్తాయి. నూజివీడు మామిడికి విమానం పనికొస్తుంది, కానీ ఏడాదిలో రెండున్నర నెలలు. మిగిలిన తొమ్మిదిన్నర నెలలు ఆ విమానం ఏం మోస్తుంది? నిజంగా విమానం కోరే సరుకు ఏదంటే, బతికున్న పీతలు, ఎగుమతి మిర్చి నమూనాలు, అత్యవసర మందులు, ఫోన్లు. వీటిలో మనం పంపేవి తక్కువ, తెప్పించుకునేవి ఎక్కువ. వచ్చేటప్పుడు నిండుగా వచ్చి వెళ్లేటప్పుడు ఖాళీగా వెళ్లే విమానం సగం కిరాయికే తిరుగుతున్నట్టు లెక్క. లారీ యజమానికి ఇది చెప్పనవసరం లేదు, తిరుగు లోడు దొరికేదాకా బండి కదపడు. విమానానికి ఆ అవకాశం లేదు. పార్సిల్ ఉన్నా లేకున్నా 11కి కదలాలి, లేకపోతే నాగపూర్‌లో మిగతా ఊళ్ల విమానాలు దాని కోసం కాచుకోవాలి.

బరువు సంగతీ ఒకటుంది. ఎయిర్ కార్గోలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు; వచ్చింది అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే కిరాయి. 60, 50, 40 కొలతల అట్టపెట్టెలో ఎనిమిది కిలోల రెడీమేడ్ దుస్తులున్నా 20 కిలోలకు కట్టాలి. వన్‌టౌన్ వ్యాపారికి ఇది వివరించి చూడండి. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా పెట్టెను కంటితో చూసి రేటు చెబుతాడు, ఇతను పది రూపాయలు తగ్గిస్తాడు, అక్కడితో సరి.

ఈ గడియారం, ఈ తిరుగు సరుకు లెక్కలు ఒక్క విజయవాడవి కావు. కోయంబత్తూరుకు, ఇందోర్‌కు, రాజ్‌కోట్‌కు అంకెలు మారతాయి కానీ లెక్క ఇదే. పెద్ద నగరాల మధ్య విమానం నిండాలంటే చిన్న ఊళ్ల పార్సిళ్లు దానిలో కలవాలి. చిన్న ఊళ్లకు సాయంత్రం దాకా బుకింగ్ తెరిచి ఉంచాలంటే అక్కడికి ఏటీఆర్ రావాలి. ఏటీఆర్ ఖర్చు గిట్టాలంటే ఆ ఊళ్లో పోటీ కొరియర్‌కు అలవాటుపడిన వ్యాపారులు ఒక్కసారిగా ఇటు మళ్లాలి. దీనికి ఏళ్లు పడుతుంది. విమానం వాయిదాలు నెలనెలా వస్తాయి.

ఆ ఏళ్లు వాళ్లకు దొరకలేదు. 2009 చివర్లో బ్రెంట్ ముడిచమురు పీపా 75 డాలర్ల అటూ ఇటూ ఉంది. 2011 ఏప్రిల్‌కల్లా 120 దాటింది. మన దగ్గర విమాన ఇంధనంపై రాష్ట్రాల అమ్మకం పన్ను దాని మీద మళ్లీ శాతం లెక్కన పడేది. చమురు పెరిగితే పన్నూ పెరిగేది. మరోవైపు అవే ఏళ్లలో చౌక ప్రయాణికుల విమానాలు జోరుగా పెరిగాయి. ప్రతి విమానం పొట్టలోనూ సరుకు పెట్టే చోటు ఉంటుంది. టికెట్ల డబ్బుతో ఎలాగూ ఎగురుతుంది కాబట్టి ఆ చోటును ఎంతకైనా అమ్ముతారు. మిగతా కంపెనీలు పగటిపూట పొట్టలో చవగ్గా మోస్తుంటే, రాత్రి వేగం ఒక్కటే అమ్ముకోవాల్సిన పరిస్థితి దక్కన్ 360ది. చవక ప్రయాణికుల విమానాలకు దారి వేసినవాడికి ఆ విమానాల పొట్టలే పోటీ కావడం విధి వైపరీత్యం. చివరికి బకాయిదారులు కర్ణాటక హైకోర్టుకు వెళ్లారు, కంపెనీ మూసివేతకు ఉత్తర్వులు వచ్చాయి.

గోపీనాథ్‌ను తెలివితక్కువవాడనడం తేలిక, నేను అనను. ఎయిర్ దక్కన్‌లో ఆయన సూత్రం, ముందు విమానం వేస్తే మనుషులు వాళ్లే వస్తారని. మనుషుల విషయంలో అది పనిచేసింది. రూపాయి టికెట్ చూసి మొదటిసారి విమానం ఎక్కినవాళ్లు లక్షల్లో ఉన్నారు. పార్సిల్ అలా సరదా పడి ఎక్కదు. ఎక్కించేవాడు గుమాస్తా, అతను నిన్న ఎక్కడ వేశాడో ఈవేళా అక్కడే వేస్తాడు. సరుకు పోతే ఎవరిని నిలదీయాలో తెలిసిన చోటే వేస్తాడు. పైగా మనిషి వెళ్లి తిరిగొస్తాడు. సరుకు తిరిగిరాదు.

ఇప్పుడు మన ప్రశ్న. 2010 నాటి అడ్డంకుల్లో కొన్ని తొలగాయి. రన్‌వే పెరిగింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ విమాన ఇంధనంపై పన్నును 1 శాతానికి తగ్గించింది. 2017లో జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులు పోయాయి. కానీ చెక్‌పోస్టులు పోవడం వల్ల విమానం కంటే లారీకే ఎక్కువ మేలు జరిగింది. తడ దగ్గర బీవీ పాలెంలో గంటలు కాచిన బండ్లు ఇప్పుడు ఆగకుండా వెళుతున్నాయి, హైదరాబాద్ రోడ్డు నాలుగు వరుసలైంది. రాత్రి బస్సు ఇంకా వేగంగా పోతోంది. ఆన్‌లైన్ దుకాణాల వల్ల పార్సిళ్లు పెరిగిన మాట నిజమే. అందుకే 2022లో ఇండిగో ఏ321 సరుకు విమానం తెచ్చింది, 2023 జనవరిలో అమెజాన్ హైదరాబాద్‌లో తన విమాన సేవ మొదలుపెట్టింది. ఈ ఇద్దరినీ గమనించండి. ఒకరికి అప్పటికే వందల విమానాల పొట్టల్లో సరుకు ఉంది, మరొకరికి సొంత గోదాముల్లో పార్సిళ్లున్నాయి. ఇద్దరూ పార్సిల్ చేతిలో పెట్టుకుని విమానం దగ్గరికి వెళ్లినవారే.

నన్ను ఈమధ్య మళ్లీ అడిగిన గుంటూరు ఎగుమతిదారుకు ఇలా చెప్పాను. నమూనాలు పంపడానికి గన్నవరం నుంచి పొద్దున్నే వెళ్లే ప్రయాణికుల విమానం పొట్ట చాలు. మామిడి కాలంలో నూజివీడు వాళ్లతో కలిసి ఒకటి రెండు ట్రిప్పులకు చార్టర్, అంటే మొత్తం విమానం కిరాయికి, అడగవచ్చు. అంతకు మించి రోజూ విమానం కావాలంటే, కొనే మాట పక్కన పెట్టి, సిబ్బంది, నిర్వహణ, బీమా కలిపి గంటల లెక్కన అద్దెకిచ్చేవారి దగ్గరికి వెళ్లాలి. వెళ్లేముందు రెండు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒకదానిలో సాయంత్రం ఆరు తర్వాత గుంటూరు, విజయవాడల్లో బుక్ అయి, మర్నాడు పదింటికి ఢిల్లీలోనో ముంబయిలోనో చేరకపోతే విలువ పోయే సరుకు రోజుకు ఎన్ని కిలోలో, ఏడాదిలో ప్రతి నెలకూ విడివిడిగా రాయండి. రెండోదానిలో తిరిగి వచ్చేటప్పుడు ఎవరి సరుకు ఎక్కుతుందో, ఆ కంపెనీలు ఏ రేటుకు ఒప్పుకున్నాయో సంతకాలతో సహా చూపించండి. మొదటి కాగితంలో ఆగస్టు నెల అంకె అయిదు టన్నుల దరిదాపుల్లో ఉంటే అప్పుడు ఏటీఆర్ అద్దె గురించి కూర్చుందాం అన్నాను. "మే నెల అంకె చూపిస్తే కుదరదా?" అని అడిగారాయన. కుదరదన్నాను.